పెద్ద తెర – పరిమాణ వ్రతము

ధర్మచర్చ యనగానే పెద్ద ప్రశ్నలే మనస్సునకు తోచుట సహజము. జీవ మెట్టిది, కర్మ యెట్లు బంధించును, విముక్తి యెప్పుడు లభించును అను ప్రశ్నలకు పూర్వులు విస్తారముగ సమాధానములు వ్రాసియున్నారు. కాని గృహస్థుని దినచర్యలో ఈ ప్రశ్నలు ఆ రూపమున ఎదురుపడవు. అవి దుకాణపు గుమ్మమువద్ద, నెల ఖర్చుల లెక్కవద్ద, పండుగకు ముందు ఇంటిలో జరుగు సంప్రదింపులవద్ద ఎదురుపడును. "ఇంటికి పెద్ద తెర టెలివిజను కొనవచ్చునా? కొన్నచో ఎప్పుడు? ఎట్లు?" అను ప్రశ్న అట్టిది. ఇది అల్పమైన ప్రశ్న యని తోసివేయువారు కలరు. కాని నలుబది యేబది వేల రూపాయల సొమ్మును, ఇంటిల్లిపాది సాయంకాలములను, కూర్చుండు గదిలోని ప్రధానమైన గోడను ఆక్రమించు వస్తువును గూర్చిన నిర్ణయము అల్పమెట్లగును?

మునులకు ఈ చిక్కు లేదు. వారిది మహావ్రతము; వారు సమస్తమును విడిచినవారు. గృహస్థునకు చెప్పబడినది అణువ్రతము. పరిగ్రహ పరిమాణ మనగా, తన యొద్ద ఉంచుకొనదగినదానికి తానే ఒక హద్దు ఏర్పరచుకొనుట. భోగోపభోగ పరిమాణ మనగా, ఒక్కసారి అనుభవించి విడుచు అన్నపానాదులకును, మరల మరల వాడుకొను వస్త్రములు, గృహోపకరణములు మొదలగువానికిని మితము నిర్ణయించుకొనుట. టెలివిజను ఈ రెండవ కోవలోనిది. ఈ వ్రతములు "వద్దు" అని చెప్పలేదు, "ఎంత?" అని అడిగినవి. వద్దనుటకంటె ఎంత యని నిర్ణయించుటయే కష్టము. వద్దనువానికి ఒక్క మాటతో పని తీరును. ఎంత యనువాడు ప్రతిదినమును లెక్క చూచుకొనవలెను.

ఈ లెక్క హోసూరు, కృష్ణగిరి ప్రాంతముల వారికి మరింత సన్నిహితమైనది. ఒకప్పుడు సేలము జిల్లాలో నుండి, 1965లో ధర్మపురి జిల్లాలో చేరి, 2004లో కృష్ణగిరి జిల్లాగా ఏర్పడిన ఈ సీమలో తెలుగు, కన్నడము, తమిళము ఒకే వీథిలో వినబడును. నిరాడంబర జీవనమునకు పేరొందిన రాజాజీ 1878లో జన్మించిన తొరపల్లి హోసూరునకు చేరువలోనే యున్నది. 1970ల తరువాత పారిశ్రామికవాడలు వెలసి, లారీలు, మోటారు సైకిళ్లు, చేతి గడియారములు తయారుచేయు కర్మాగారములు వచ్చినవి. రాగులు, మామిడి పండించిన కుటుంబములవారు నెలజీతముల వారైరి. 2019లో హోసూరు నగరపాలక సంస్థ యైనది. జీతముతోపాటు వాయిదాల పద్ధతియు, దానితోపాటు వస్తువులును ఇండ్లలో ప్రవేశించినవి.

టెలివిజను కథ కూడ ఇట్టిదే. మన దేశమున 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రయోగాత్మకముగ ప్రసారములు మొదలైనవి. 1975 ఆగస్టు మొదలు ఒక సంవత్సరము పాటు ఉపగ్రహ సహాయమున ఆరు రాష్ట్రములలోని 2,400 గ్రామములకు బోధన ప్రసారములు జరిగినవి. అందు ఆంధ్రప్రదేశ్ గ్రామములును కలవు. ఊరికంతకు ఒకే పెట్టె, దాని ముందు ఊరందరును. 1975లోనే మద్రాసులో దూరదర్శన్ కేంద్రము ఏర్పడెను. 1982లో ఆసియా క్రీడల సంవత్సరమున రంగుల ప్రసారములు వచ్చినవి. అప్పటికి టెలివిజను గల ఇంటి వసారా వీథికంతకు సభాస్థలమే.

తరువాత తమిళనాట ఒక విశేషము జరిగినది. 2006 ఎన్నికల వాగ్దానము ననుసరించి ఆ సంవత్సరము సెప్టెంబరు 15న ఉచిత రంగుల టెలివిజను పథకము ప్రారంభమైనది. 2011 వరకు ఒకటిన్నర కోటికి పైగా పెట్టెలు ఇంటింటికి చేరినవి. వాటి తెర 14 అంగుళములు. ఎన్నికలలో ఇట్టి వాగ్దానము చేయవచ్చునా యను వివాదము సుప్రీంకోర్టు వరకు పోయెను. ఎన్నికల ప్రణాళికలోని వాగ్దానము చట్టము దృష్టిలో అవినీతి చర్య కాదని 2013 జూలైలో న్యాయస్థానము తీర్పు చెప్పెను. చట్టము విషయము అట్లుండగా, గృహస్థుడు గమనింపదగినది మరియొకటి కలదు. కొనవలెనా వద్దా యని ఆలోచింపకుండగనే ఆ వస్తువు అనేక గృహములలో ప్రవేశించినది. అది వచ్చిన తరువాత దానికి కేబులు రుసుము వచ్చినది. ఆపై "ఇంతకంటె పెద్దది" అను ఆలోచన వచ్చినది. 14 అంగుళములు 32 అయినవి, 32 కాస్త 43 అయినవి, ఇప్పుడు 55, 65 అను మాటలు సామాన్యమైనవి. ఏ దశలోను "ఇక చాలును" అను మాట దానంతట అది వినబడలేదు. ఆ మాటను ఎవరికి వారు చెప్పుకొనవలసినదే.

ఇచ్చట ఒక సూక్ష్మమైన వాదము వచ్చును. పరిగ్రహ మనగా వస్తువు కాదు, వస్తువుపైగల మూర్ఛ, అనగా మమకారము, అని ఉమాస్వాతి తత్త్వార్థసూత్రమున నిర్ణయించెను. అట్లయినచో, ఇంటిలో పెద్ద తెర యుండియు దానియందు ఆసక్తి లేనివాడు అపరిగ్రహియు, లేకుండియు రేయింబవళ్లు దానినే తలంచువాడు పరిగ్రహియు కాడా? నిజమే. పొరుగింటి తెరను చూచి నిట్టూర్చుచు, తన పేదరికమునే వ్రతముగ చెప్పుకొనువాడు వ్రతి కాడు. కాని ఈ వాదము తియ్యనిది కనుకనే ప్రమాదమైనది. "నాకు దానిమీద మమకారము లేదు" అను మాట కొనువాడు ఎవరైనను చెప్పవచ్చును. కొలిచి చూచుటకు మమకారమునకు గజము లేదు. అందుచేతనే పూర్వాచార్యులు భావశుద్ధిని మాత్రమే కోరి ఊరకొనక, సంఖ్యను గూడ కోరిరి. ఇన్ని వస్త్రములు, ఇంత ధాన్యము, ఇంత ధనము అని ముందుగ చెప్పుకొనుమనిరి. మనస్సు తన్ను తాను మోసగించుకొనగలదు. సంఖ్య అంత సులభముగ మోసపోదు.

ముందుగ అనునదే ఇందలి కీలకము. దుకాణములో నిలుచుండి హద్దు నిర్ణయించుకొనుట, ఆకలితో విస్తరిముందు కూర్చుండి ఉపవాసమును గూర్చి ఆలోచించుట వంటిది. అమ్మకపు గదిలో తెరలన్నియు అత్యధికమైన వెలుగుతో, కన్నులు చెదరు రంగులతో నడపబడును. ప్రక్కన 65 అంగుళముల తెర యున్నప్పుడు 43 అంగుళముల తెర పలకవలె కనబడును. ఆ పలకయే ఇంటికి తెచ్చిన పిదప గోడను నింపును. కనుక కొలత ఇంటిలో తీసికొని, సొమ్ము ఇంటిలో నిర్ణయించుకొని, ఆ పిమ్మటనే గడప దాటవలెను.

ఈ విచారమంతయు ఒక కుటుంబమునకు అన్వయించి చూచినచో స్పష్టపడును. హోసూరులో తళి రోడ్డు ప్రాంతమున కిరాణా దుకాణము నడుపు ఒక గృహస్థుని ఊహింపవచ్చును. పేరుతో పని లేదు. ఇంటిలో డెబ్బది యేండ్లు దాటిన తల్లి, భార్య, కర్మాగారమున క్రొత్తగ ఉద్యోగమున చేరిన కుమారుడు, పదవ తరగతి చదువు కుమార్తె కలరు. పదేండ్లనాటి 32 అంగుళముల టెలివిజను ఇంకను పనిచేయుచునే యున్నది. 2025 ఆగస్టు 15న ప్రధానమంత్రి వస్తుసేవల పన్నును సవరింపనున్నట్లు ప్రకటించెను. సెప్టెంబరు 3న మండలి సమావేశమై నిర్ణయము చేసెను. 32 అంగుళములకు మించిన టెలివిజనులపై నూటికి 28గా నుండిన పన్ను సెప్టెంబరు 22 నుండి 18 అయ్యెను. పన్నుకు ముందు 35,000 రూపాయలు ధరగల వస్తువు 44,800 నుండి 41,300కు దిగెనన్నమాట. 3,500 రూపాయల ఆదా.

ఒకప్పుడు హోసూరువారికి ఇట్టి విషయములలో మరియొక ఆలోచన యుండెడిది. సరిహద్దు దాటి నలుబది కిలోమీటర్ల దూరములోని బెంగుళూరునకు పోయి, రెండు రాష్ట్రముల పన్నులలోని తేడాను సరిచూచుకొనెడివారు. 2017 జూలై 1 నుండి దేశమంతట ఒకే పన్ను వచ్చుటతో ఆ తేడా తొలగినది. స్థలము మార్చుటవలన కలుగు లాభము పోయి, కాలమును ఎంచుకొనుటవలన కలుగు లాభమే మిగిలినది.

ప్రకటనకును పన్ను తగ్గుటకును మధ్య అయిదు వారముల కాలము గడచినది. కొనదలచినవారెల్లరు ఆగిరి. ఆ అయిదు వారములలోనే పర్యుషణమును, దశలక్షణ పర్వమును వచ్చి వెళ్లినవి. ఉత్తమ శౌచము, ఉత్తమ త్యాగము, ఉత్తమ ఆకించన్యము అని దినమునకొక ధర్మమును స్మరించుచునే, మరియొక ప్రక్క సెప్టెంబరు 22 కొరకు వ్రేళ్లు లెక్కించిన గృహములు ఎన్ని యుండెనో! ఇందు నవ్వుకొనవలసినది కొంత కలదు. నేర్చుకొనవలసినది మరింత కలదు. పన్ను కొరకు అయిదు వారములు ఆగగలిగినవాడు ఆగుట తనకు చేతకాదని ఇక చెప్పజాలడు. లాభము కొరకు చూపిన నిగ్రహమే ధర్మము కొరకు చూపవచ్చును. ఆగిన కాలములో కోరిక ఏమైనదో చూచుకొనుట మంచి పరీక్ష. వారమునకే మరచిపోయినచో అది కోరికయే కాదు, ప్రకటనల ప్రతిధ్వని. ప్రతిదినము ఒకే కారణము చేత జ్ఞప్తికి వచ్చినచో, ఆ కారణమును విచారింపవలెను.

ఆ ఇంటిలో కారణములు మూడు. కుమారుడు క్రికెట్టు చూడవలెను. అతని స్నేహితుని ఇంట 65 అంగుళముల తెర వచ్చినది. భార్యకు బంధువులు వచ్చినపుడు ఇల్లు సరిక్రొత్తగ కనబడవలెనని కోరిక. మూడవ కారణమును ఎవరును నోటితో చెప్పలేదు. ముసలితల్లి తెలుగు వార్తలు చూచునపుడు తన కుర్చీని ముందుకు జరుపుకొని, తెరకు నాలుగడుగుల దూరమున కూర్చుండును. తెర అడుగున పరుగెత్తు అక్షరములు ఆమెకు కనబడవు. తమిళనాట 2006లో చేయబడిన చట్టము ననుసరించి పాఠశాలలలో తమిళము తప్పనిసరి పాఠ్యమైన తరువాత, ఈ సరిహద్దు సీమలోని తెలుగు పిల్లలలో అనేకులకు తెలుగు అక్షరము చదువుట తగ్గినది. ఇంటి మాటయు, టెలివిజనుయే తెలుగునకు మిగిలిన రెండు ఆధారములు. ఆ అక్షరములను అవ్వ చదివి మనుమరాలికి చెప్పుట ఆ ఇంటిలోని తెలుగు పాఠశాల. ఈ మూడవ కారణము విలాసము కాదు.

మొదటి రెండు కారణములను తీసివేసినను మూడవది నిలుచును. అయితే అది ఎంత పెద్ద తెరను కోరును? ఇదియు లెక్కకు అందునదే. తెర యొక్క మూలకొలతను ఒకటి ముప్పాతికకు కొంచెము తక్కువగ, అనగా 1.6 చేత హెచ్చించినచో కూర్చుండదగిన దూరము వచ్చునని ఒక వాడుక సూత్రము కలదు. 32 అంగుళములకు అది నాలుగుంబావు అడుగులు; అవ్వ కుర్చీ జరుపుకొను దూరము సరిగా అదియే. ఎవరును నేర్పకయే ఆమె కన్నులు ఆ సూత్రమును కనుగొన్నవి. ఆ ఇంటి గదిలో సోఫాకును గోడకును నడుమ ఏడడుగులు. 50 అంగుళముల తెరకు ఆరడుగుల ఎనిమిది అంగుళములు చాలును. 65 అంగుళములకు ఎనిమిదిన్నర అడుగులు దాటవలెను. వెనుక గోడను పగులగొట్టినగాని ఆ దూరము రాదు. బిందువుల సంఖ్యను గూర్చి దుకాణదారులు చెప్పు గొప్పలును ఇట్టివే. పెద్ద రకము తెరలో 83 లక్షల బిందువులు, సాధారణ రకములో సుమారు 21 లక్షల బిందువులు ఉండును. కాని 55 అంగుళముల తెరను ఎనిమిదడుగుల దూరమునుండి చూచు సామాన్యమైన కంటికి ఆ రెంటికిగల భేదము దాదాపు గోచరింపదు. కంటికి అందని సొగసునకు సొమ్ము చెల్లించుట అనుభవము కొరకు కాదు, చెప్పుకొనుట కొరకు.

ఇట్లు కోరిక 65 నుండి 50కి దిగెను. సొమ్ము ఎట్లు చెల్లించవలెను? కుమారుడు వాయిదాల మాట ఎత్తెను.

"వడ్డీ లేదు నాయనా. నెలకు నాలుగు వేలు, పన్నెండు నెలలు. తెలియకుండానే తీరిపోతుంది."

"రొక్కమిస్తే ఎంత?"

"నలభై అయిదు వేలు."

తండ్రి వర్తకుడు. కాగితముపై లెక్క వేసెను. పన్నెండు నాలుగు వేలు 48,000. నగదునకు ఇచ్చు 3,000 రూపాయల తగ్గింపును వదలుకొనుటయే వడ్డీ. ఆ 3,000 రూపాయలు 45,000 మీద సంవత్సరపు వడ్డీ యని చూచినచో స్వల్పముగ కనబడును. కాని బాకీ నెలనెలకు తరుగుచుండును గదా; తరుగు బాకీపై లెక్కించినచో అది నూటికి నెలకు ఒక రూపాయి వడ్డీ. ఆ రేటునకు తాతల కాలమునుండి పేరున్నది. దానిని ఎవరును "లేదు" అనలేదు. సున్న వడ్డీ అనబడు పథకములలో వడ్డీ మరుగుపరుపబడి యుండునని 2013 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు సైతము హెచ్చరించెను. అప్పు చేయుట పాపమని ఎవరును చెప్పరు. వర్తకము అప్పుపైననే నడచును. కాని "తెలియకుండానే తీరిపోతుంది" అను మాటలోనే దోషము కలదు. తెలియకుండ తీరు బాకీ, తెలియకుండ చేయబడిన బాకీ. వ్రతము కోరునది తెలిసి చేయుటయే.

దీపావళికి నగదుతో కొనుటకు తండ్రి నిశ్చయించెను. ఇంతవరకు శాస్త్రమునకు, లెక్కకు, కంటికి అన్నియు సరిపోయినవి. ఇచ్చటనే అసలు ప్రశ్న మొదలైనది.

దుకాణమున చాలకాలమునుండి పనిచేయు గుమాస్తా ఒకడు కలడు. వినాయక చవితికి ముందు అతడు యజమానిని ఇరువది వేలు అడిగియుండెను. కుమార్తె కళాశాల రుసుము కట్టవలెను. "పండగ పోనీ, తర్వాత చూద్దాం" అని యజమాని చెప్పెను. ఆ మాటలో క్రూరత్వము లేదు. వర్తకులు నిత్యము చెప్పు మాటయే అది. గుమాస్తాయు "సరే అన్నా" అని ఊరకొనెను. టెలివిజను కొరకు సొమ్ము లెక్కించునపుడు యజమానికి ఆ మాట జ్ఞప్తికి వచ్చెను. తన ఇంటి కోరికకు పండుగకు ముందు గడువు. పరుని అవసరమునకు పండుగ తరువాత గడువు. రెండు గడువులును ఒకే నోట వచ్చినవి. అవి ఒకదాని ప్రక్కన ఒకటి నిలిచినపుడు ఆయనకు సిగ్గు కలిగెను.

పరిమాణ వ్రతమునకు రెండు అంచులు కలవని అప్పుడు స్పష్టమగును. ఎంత ఉంచుకొనవలెను అనునది ఒక అంచు. ఉంచుకొనుటలో ఏది ముందు, ఏది వెనుక అనునది రెండవ అంచు. యాభై అంగుళముల తెర ఆ గృహస్థుని హద్దులోనిదే. అయినను ఒక పిల్ల చదువును వెనుకకు నెట్టి ముందుకు వచ్చినచో, హద్దులోని వస్తువే హద్దు మీరినదగును. వస్తువు పెద్దదా చిన్నదా యని మాత్రమే చూచువాడు ఈ దోషమును కనుగొనలేడు.

అయితే గుమాస్తాకు సొమ్ము ఇచ్చినచో తెర సంక్రాంతి వరకు ఆగవలెను. ఆగువారెవరు? కుమారుడు స్నేహితుని ఇంట క్రికెట్టు చూడగలడు. నిజముగ ఆగవలసినది కన్నులు మసకబారిన తల్లి. తాను దానము చేసి, దాని మూల్యమును మరియొకరిచే చెల్లింపించుట ధర్మమగునా? ఎందరో ధర్మాత్ములు ఈ పొరపాటు చేయుదురు. వారి త్యాగముల భారమును ఇంటి స్త్రీలు, వృద్ధులు మోయుదురు, కీర్తి మాత్రము వారికి దక్కును. కనుక ఆ గృహస్థుడు తల్లిని అడుగుటయే ఉచితము. అడిగెను.

ఆమె ఇట్లనెను: "నా కండ్లు మూడు నెలల్లో ఎక్కడికీ పోవులే నాయనా. కుర్చీ జరుపుకోవడం నాకు అలవాటే. ఆ పిల్లకు కాలేజీవాళ్లు మూడు నెలలు ఆగరు కదా." కొంతసేపటికి మరల అనెను: "ఇంకొక మాట. పెద్ద టీవీ వచ్చినాక మీరంతా ఎవరి ఫోను వాళ్లు పట్టుకొని ఎవరి మూల వాళ్లు కూర్చుంటే, ఆ తెర నేనొక్కదాన్నే చూడాలా? అట్లయితే ఈ పాతదే చాలు నాకు."

ఈ రెండవ మాటను ఇంటిలోనివారు ఊహింపలేదు. పెద్ద తెరను గూర్చి నెలదినములు తర్కించిన ఆ ఇంటిలో, నాలుగు చేతులలోని నాలుగు చిన్న తెరలను గూర్చి ఎవరును తర్కింపలేదు. అవి ఒకదాని తరువాత ఒకటిగ, చర్చ లేకయే వచ్చినవి. రెండు మూడేండ్లకొకసారి మారుచున్నవి. గోడమీది తెర పదిమందికి కనబడును గనుక దానిపై ధర్మవిచారము జరుగును. జేబులోని తెర దాగియుండును గనుక విచారము తప్పించుకొనును. 1975లో 2,400 గ్రామములలో ఊరికొక తెర. తరువాత వీథికొకటి, ఇంటికొకటి, ఇప్పుడు మనిషికొకటి. తెరలు పెరిగిన కొలది చూచువారు విడివడిరి. ఈ దృష్టితో చూచినచో, విడివడినవారిని ఒక గదిలో మరల కూర్చుండబెట్టు పెద్ద తెర, వ్రతమునకు విరోధి కాక సహాయకారియు కావచ్చును. అది కొనుటవలన కాదు, కొన్న పిదప వాడుకొను తీరువలన తేలును. ఒకే వస్తువును ఇట్లు పలువైపులనుండి చూచుటయే అనేకాంతము గృహస్థునకు నేర్పు పాఠము.

ఒక ఆక్షేపణకు సమాధానము చెప్పవలసియున్నది. అందరును ఇట్లు ఆగి, కొలిచి, తగ్గించుకొని కొన్నచో కర్మాగారములు నడచుటెట్లు? హోసూరువంటి పట్టణము జనులు వస్తువులు కొనుటవలననే బ్రతుకుచున్నది గదా! ఆ కుమారుని జీతమును అందుండి వచ్చునదే. ఈ ఆక్షేపణ తేలికగ తోసివేయదగినది కాదు. కాని మితము శూన్యము కాదు. 50 అంగుళముల తెర కొన్నవాడును కొన్నవాడే. ఆదా చేసిన సొమ్ము భూమిలో పాతబడదు; అది కళాశాల రుసుముగనో, గుమాస్తా జీతముగనో, మరియొక వర్తకుని అమ్మకముగనో సంఘమున సంచరించును. అనవసరమైన వస్తువులు అమ్ముడుపోయినగాని పూట గడువని లోకము ఉండినచో, మార్చుకొనవలసినది ఆ లోకపు ఏర్పాటును గాని, గృహస్థుని వివేకమును గాదు.

అహింసావిషయమున గూడ లెక్క కలదు. పలుచని తెరలను తయారుచేయునపుడు యంత్రపు గదులను శుభ్రపరచుటకు నైట్రోజన్ ట్రైఫ్లోరైడ్ అను వాయువును వాడుదురు. అందు కొంతభాగము గాలిలో కలియును. నూరేండ్ల కాలమును గణించినచో, బరువుకు బరువుగ అది బొగ్గుపులుసు వాయువుకంటె సుమారు 17 వేల రెట్లు అధికముగ భూమిని వేడిచేయును. పాత గాజుపెట్టెల అద్దములలో సీసము కలదు. వాటిని చెత్తకుప్పలలో పగులగొట్టినచో అది నేలను, నీటిని చెరచును. చూడగల తెరను పారవేసి క్రొత్తది తెచ్చుటలో, కంటికి కనబడని ఈ హింస యంతయు ఇమిడియున్నది. ప్రయోజనము లేని హింసను అనర్థదండ మని పూర్వులు పేర్కొని, దానిని విడుచుటను ఒక ప్రత్యేక వ్రతముగ చెప్పిరి. పనిచేయు పాత టెలివిజనును దానిని వాడుకొనువారికి ఇయ్యవలెను. వారికి అక్కర యున్నదో లేదో అడిగి ఇయ్యవలెను. పనిచేయని దానిని దానమని పేరుపెట్టి ఇతరుల ఇంట పడవేయుట దానము కాదు. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన విద్యుత్పరికర వ్యర్థముల నియమములను అనుసరించి, నమోదైన సంస్థలకు దానిని అప్పగించుట యుక్తము. విద్యుత్తు లెక్కయు ఇట్టిదే. 100 వాట్ల తెరను దినమునకు అయిదు గంటలు నడపినచో రెండు నెలలకు 30 యూనిట్లు. తమిళనాట 2016 నుండి గృహములకు రెండు నెలలకు మొదటి 100 యూనిట్లు ఉచితము గనుక చీటీలో ఆ ఖర్చు కనబడకపోవచ్చును. కనబడని ఖర్చును ఎవరో ఒకరు భరించుచునే యుందురు.

ఆ ఇంటిలో దీపావళి గడచినది. దీపావళి వర్ధమాన మహావీరుడు పావాపురియందు నిర్వాణము పొందిన దినము. సర్వమును విడిచిన మహానుభావుని స్మరించు ఆ దినమే నేడు తగ్గింపు ధరల అమ్మకములకు ముఖ్య దినమైనది. ఆ సాయంకాలము అవ్వ ఎప్పటివలెనే కుర్చీ జరుపుకొని వార్తలు చూచెను. మనుమరాలు ఆమె ప్రక్కన కూర్చుండి, తెర అడుగున పరుగెత్తు అక్షరములను తానే చదువుటకు ప్రయత్నించెను. గుమాస్తా కుమార్తె రుసుము చెల్లింపబడెను. ఆ సొమ్మును జీతమునుండి ఎట్లు మినహాయించవలెనని గుమాస్తా అడుగగా, "సంవత్సరానికి చూద్దాం" అని యజమాని చెప్పెను. ఈసారి ఆ మాటకు అర్థము వేరు.

సంక్రాంతికి తెర వచ్చును. వచ్చినపుడు దానితోపాటు కొన్ని నియమములును రావలెను. అందరును కలసి చూచు వేళ ఒకటి నిర్ణయింపవలెను. ఆ వేళ చేతులలోని చిన్న తెరలు అలమరలో నుండవలెను. భోజనపు వేళ పెద్ద తెర చీకటిగ నుండవలెను. సామాయికమునకు పూర్వులు విధించిన కాలము 48 నిమిషములు. దినమునకు అయిదు గంటలు తెర ముందు కూర్చుండు ఇంటికి 48 నిమిషముల మౌనము అధికము కాదు. ఈ నియమములు పాటింపబడినచో ఆ తెర గృహస్థుని వస్తువు. పాటింపబడనిచో గృహస్థుడే తెరయొక్క వస్తువు.

ఎప్పుడు కొనవలెను? ముందుగ గీచుకొనిన హద్దు లోపల, ఆగిన పిమ్మటను నిలిచిన కారణము కొరకు, తనకంటె ముందు నిలువవలసిన వారందరును ముందుకు సాగిన తరువాత. ఎట్లు కొనవలెను? గదిని కొలిచి, లెక్కను తెలిసి, పాతదానికి చోటు చూపి, ఆగవలసినవారిని అడిగి. ఇట్లు కొన్నవాడు పెద్ద తెరను కొన్నను చిన్నవాడు కాడు. ఇట్లు ఆలోచించి కొనక మానినవాడును లోటు పొందడు. తెర వెలుగు రాత్రి కొన్ని గంటలు మాత్రమే. అది ఆరిన పిదప ఆ గదిలో మిగులు మనుష్యుల నెమ్మదియే గృహస్థుడు కాపాడుకొనవలసిన సొత్తు.